నలభై ఒకటో లాటు పొడి

లాటు 41. వాడకం: 0. గదిలో తేమ: 34.

మొదటి షిఫ్టు మొదలవగానే నలభై ఒకటో లాటుకు తోడు పెట్టాను. వాడకాలు అయిపోయిన నలభయ్యో లాటులోంచి ముప్ఫై కిలోల పొడి తీశాను. కొలిమి దగ్గర లోహం కరిగించి కొత్తగా పొడిగా ఊది పంపిన ముప్ఫై కిలోల్లో దాన్ని కలిపి, డ్రమ్ములో పోసి అరగంట తిప్పాను. పాలల్లో మజ్జిగ చుక్క వేసినట్టే. పాత పొడి కాస్త కలవనిదే ఈ గదిలో ఏ పొడీ కొత్త లాటు కాదు.

అత్తమ్మ నర్సవ్వ కర్ర పట్టుకుని వచ్చింది. ముందు గూట్లో ఉన్న తల్లి డబ్బాకు దండం పెట్టుకుంది. మేమందరం ఈ బొగ్గుబాయిలోకి దిగిననాడు వెంట తెచ్చుకున్న టైటానియం పొడిలో విప్పకుండా మిగిలిన ఒకే ఒక్క డబ్బా అది. మూతకు వేసిన సీలు వేసినట్టే ఉంది, దాని మీద మాత్రం ముప్ఫై తొమ్మిదేళ్ల పసుపు అట్టలు కట్టింది. తరవాత డ్రమ్ములో చేయి పెట్టి, పిడికెడు పొడి తీసి వేళ్ల సందుల్లోంచి జారవిడిచి, "మంచిగ జారుతున్నది బిడ్డా" అంది. నాకంటే ముందు ఈ గదిని ఇరవై రెండేళ్లు చూసింది ఆమే. కళ్లు మసకేశాయి గానీ వేళ్లకు ఏమీ కాలేదు.

"కొత్త లాటు, వాడకం సున్నా" అని రాసి సంతకం పెట్టాను. ఒక లాటును మిషనులో ఇరవైసార్లే వాడాలి, ఆపైన ఒక్కటి కూడా కూడదు. అది అత్తమ్మ పెట్టిన నియమం. ఈ గది నా చేతికి వచ్చి పదిహేడేళ్లయింది, ఒక్కసారి కూడా దాటలేదు. గొప్ప చెప్పుకుంటున్నాననుకుంటే అనుకోండి, గొప్పే మరి.

తరవాత జల్లెడ పట్టాను. ఎండకు పైన బతకలేక, బొగ్గు తీసేసిన ఈ బాయిలో రెండు వేల మందిమి కాపురాలుంటున్నాం. ఇక్కడ గోడలకు చెమట పోస్తుంది. దుప్పటి పిండితే నీళ్లు కారతాయి. పొడిగా ఉండే చోటు నా గది ఒక్కటే, అందుకే అందరి కళ్లూ దీని మీదే. లేజరు మిషను నడిపే స్వరూప ఇవాళ పుట్టగొడుగుల వడియాల పళ్లెం పట్టుకుని తయారైంది.

"ఒక్క పూట కొమురక్కా, మూలకు పెడత. నీ పొడి ముట్టుకోను."

"నీ వడియాలు ఎండుతయి, నా పొడి నానుతది. నడువ్."

తడి తగిలితే పొడి గడ్డలు కడుతుంది. మిషను దాన్ని పలచగా పరవలేదు. లేజరు కరిగించిన చోట లోపల బుడగలు మిగిలిపోతాయి. ఇదంతా స్వరూపకు నాకంటే బాగా తెలుసు. అయినా పోతూ పోతూ నన్ను పిసినారి అని తిట్టింది.

లాటు 41. వాడకం: 1. తేమ: 36.

మూడో సీములో పంపు చక్రం పోయింది. సీమంటే బొగ్గు తీసిన వరస, ఈ బాయిలో మూడోదే అన్నింటికన్నా కింద. అరవై రెండు ఇళ్లున్నాయి. ఊటనీళ్లను ఆ పంపు పైకి తోయకపోతే మూడు రోజుల్లో ఇళ్లు మునుగుతాయి. ఇక్కడి నీళ్లలో పులుపు ఎక్కువ, ఇనుమును ఆరునెలల్లో తినేస్తాయి. అందుకే పంపు లోపల తిరిగే రెక్కల చక్రాన్ని టైటానియం పొడితో మిషను మీద చేసుకుంటాం. ఈ ఏడు పలిగిన చక్రాల్లో ఇది మూడోది.

ముక్కలు తెచ్చింది నా తమ్ముడు ఓదెలు. ఆ పంపును నడిపే ఖలాసీ వాడే. సద్ది గిన్నెలో వేసుకుని తెచ్చి నా బల్ల మీద గలగలా పోశాడు.

"అక్కా, గిది ఇరగలే. పలిగింది."

"ఇరిగితే ఏంది, పలిగితే ఏంది? దాచిన చక్రం ఎక్కించి నడుపు. ఇంకొకటి జేసిస్తం."

"గట్ల గాదే. బాపు పంపు నడిపేటప్పుడు రెక్కలు వంగుతుండె. వంగితే సప్పుడు మారుతది, మనకు ఎర్కైతది, బందు జేస్తం. గిది ఏం జెప్పలే. మంచిగ తిరుక్కుంట తిరుక్కుంట ఒక్కపారి పలిగింది. నా చెవు పక్కకెల్లి పోయింది ముక్క."

నాకు ఒళ్లు మండింది. "నా పొడికి వంక పెడుతున్నవారా? గరాటు పరీక్ష నీ ముంగటనే జేస్త, సూడు" అన్నాను. గరాటులో యాభై గ్రాములు పోసి లెక్కపెట్టాను. ఇరవై నాలుగు అంకెల్లో దిగిపోయింది. నేను చేరిన కొత్తలో ముప్ఫై పట్టేది. ఏటేటా ఇంకా నున్నగా, ఇంకా వేగంగా దిగుతోంది. వాడు గరాటు వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఖాళీ గిన్నె తీసుకుని పోయాడు.

ముక్కల్ని మామూలుగానే కొలిమికి పంపాను. పలిగినవన్నీ అక్కడ కరిగి, మళ్లీ పొడిగా నా గదికే వస్తాయి.

లాటు 41. వాడకం: 2. తేమ: 33.

కొత్త చక్రం అయిదు షిఫ్టుల్లో తయారైంది. మిషను తలుపు తీయగానే స్వరూప నన్ను కేకేసింది. చక్రమంతా లేత పసుపు ఛాయ. వెనకటి చక్రాలు బూడిద రంగులో ఉండేవి, ఈ నాలుగైదేళ్ల నుంచి పసుపు పారుతోంది. అది మంచి శకునమని అందరికీ సంతోషం. ఈమధ్య పెళ్లికూతుళ్లకు పెట్టే గరిటెలు కూడా పసుపు పారినవే కావాలని అడుగుతున్నారు.

మేనేజరు దయాకర్ సారు వచ్చి ఆకురాయితో రుద్ది చూశాడు. ఆకురాయి జారిపోయింది గానీ గీత పడలేదు.

"గట్టిదనమంటే గిది కొమురమ్మా! నర్సవ్వ కాలంల గూడ గింత గట్టిగ రాలే."

నాకు సంతోషమే అయింది. దాచుకోను. దాచిన చక్రం పాతదని, ఓదెలుకు భయంగా ఉందని, దాన్ని తీసేయించి ఈ కొత్తది బిగించమన్నాను. తీసిన దాన్ని కొలిమికి పంపేశారు.

లాటు 41. వాడకం: 5. తేమ: 38.

లిఫ్టు కొక్కేలు రెండు, తలుపు బందులు ఆరు చేశాం. మరకలు రాలేదు, గడ్డలు లేవు. స్వరూప మాత్రం, "నిప్పురవ్వలు ఎక్కువ ఎగురుతున్నయక్కా. నాలుగేండ్ల కింద గింతగనం లేకుండె" అంది. మిషనులోకి గాలి చేరకుండా నింపే గ్యాసు పలచబడి ఉంటుందని ఇద్దరం అనుకున్నాం.

భోజనాల వేళకు ఓదెలు వచ్చాడు. మూడు రోజులుగా పంపు పక్కనే కూర్చుని దాని సప్పుడు వింటున్నాడట. ఇంటికి కూడా పోవడం లేదట. పిచ్చి పట్టిందా అని కోప్పడ్డాను. వాడు అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా అన్నాడు.

"అక్కా, బావ ఫ్యాను రెక్క గూడ గిట్లనే పలిగింది గదా."

మల్లేశం నా మొగుడు. పెద్ద గాలి ఫ్యానుకు ఫిట్టరు. అయిదేళ్ల కింద, నడుస్తున్న ఫ్యాను రెక్క పలిగి ముక్క ఆయన మెడకు తగిలింది. ఆయుష్షు మూడిందన్నారు. నేనూ అదే అనుకుని ఏడ్చాను. ఆ రెక్క ముక్కల్ని నేనే ఏరి కొలిమికి పంపాను. అవి మా తోడులో కలిశాయని, ఆయన మాతోనే ఉన్నాడని ధైర్యం తెచ్చుకున్నాను.

"అన్నం తినేటప్పుడు గా మాటెందుకురా?" అని లేచి వచ్చేశాను.

లాటు 41. వాడకం: 6. తేమ: 35.

మనసు ఊరుకోలేదు. తలుపు బందులతో పాటు చిటికెన వేలంత వెడల్పున మూడు పలకలు చేసిపెట్టమని స్వరూపను అడిగాను. ఎందుకని అడిగితే చెప్పలేదు.

ఇంటి నుంచి నా పెళ్లినాటి గరిటె తెచ్చాను. అది తొమ్మిదో లాటుది. అప్పట్లో పైన పాడుబడ్డ కరెంటు కంపెనీ టైటానియం గొట్టాలు కోసుకొచ్చి కరిగించేవారు. గరిటె ఇప్పుడు నల్లగా, ముసలిదైపోయి ఉంది. దాన్ని బల్ల పట్టులో బిగించి పట్టకారుతో వంచాను. వంగింది. ఇంకా వంచాను. కాడ రెండుగా మడత పడింది గానీ తెగలేదు. మళ్లీ సాగదీస్తే నిటారుగా వచ్చింది.

తరవాత ఈ లాటు పలక ఒకదాన్ని బిగించాను. మొదటి పట్టుకే టక్కున సప్పుడైంది. సగం ముక్క గోడకు కొట్టుకుని నా కాళ్ల దగ్గర పడింది. కాస్త కూడా వంగలేదు. తెగిన అంచు గాజు పెంకులా మెరుస్తోంది.

ఇంకోటి బిగించాను. అదీ అంతే. స్వరూప నా వెనకే నిలబడి చూసింది.

నాకు వచ్చిన పని ఇదొక్కటే. అయినా ఇప్పుడు గానీ అర్థం కాలేదు. లేజరు వేడి తగిలినప్పుడల్లా కరగకుండా మిగిలిన పొడి కాస్త గాలిని మింగుతుంది. మింగిన గాలి తిరిగి బయటికి రాదు, కరిగించినా రాదు. దాన్ని కొలిచే మీటరు ఉండేది, పన్నెండేళ్ల కింద చెడిపోయింది. గరాటు ఉంది కదా అని ఊరుకున్నాం. వాడగా వాడగా నూక పోయి, గుండ్రటి గింజలే మిగిలి పొడి నున్నగా జారుతుంది. గాలి మింగిన లోహం గట్టిపడుతుంది, పసుపు పారుతుంది. మంచి గుర్తులనుకుని మేం మురిసిపోయినవన్నీ అది పాడైన గుర్తులే. ఇన్నాళ్లూ ఆ పాడునే మెచ్చుకున్నాం.

ఇరవై వాడకాలు దాటలేదని కదా నా గొప్ప? పాత రిజిస్టర్లు దించాను. పైకి పోయిన జట్టు ఆఖరుసారి గొట్టాలు తెచ్చింది ఇరవై తొమ్మిదో లాటుకు. ముప్ఫయ్యో లాటు నుంచి సగం పాత లాటు తోడు, సగం పలిగిన ముక్కలు కరిగించిన పొడి. ఇందులో కొత్తదేది? తోడు పెట్టిన ప్రతిసారీ కొత్త లాటు అని రాసి, సున్నా దగ్గర మొదలుపెట్టాను. పదకొండు లాట్లు, లాటుకు ఇరవై. పైన ఈ ఆరు.

లాటు 41. వాడకం: 226. తేమ: చూడలేదు.

మేనేజరును, అత్తమ్మను గదికి పిలిచాను. ఓదెలు కూడా వచ్చాడు. వాళ్ల ముందర ఒక పలక విరిచి, గరిటె వంచి చూపించాను.

దయాకర్ సారు మొహం మాడిపోయింది. "అంటే ఏందమ్మా? లిఫ్టు కొక్కేలు, ఫ్యాను రెక్కలు, తలుపులు, పదకొండేండ్ల సామాన్లన్నీ ఖరాబే అంటవా? గా మాట బయటికి పోతే జనం లిఫ్టు ఎక్కుతరా? బాయి నడుస్తదా?"

"నడుస్తున్నదని అనుకుంటున్నం సారు. కింద తిరుగుతున్న చక్రం గిదే పొడిది."

"గయితే మల్ల దేనితో జేస్తవ్?"

నేను గూట్లోకి చూశాను. అందరూ అటే చూశారు. తల్లి డబ్బాలో ఇరవై కిలోలుంది. మిషను నింపి ఒక్క చక్రం చేయడానికి అంతా పోయాలి, ఒకసారి తప్పితే ఇంకోసారి లేదు.

"దాన్ని ముట్టుకోవద్దు" అంది అత్తమ్మ. "గది తల్లి. గది ఇప్పితే బాయికి ఏం మిగులుతది?"

నాకు కోపం ఆగలేదు. అలా అనకుండా ఉండాల్సింది. ముసలి మనిషి, కళ్లు కనపడని మనిషి. కానీ అనేశాను.

"నీ తోడే నీ కొడుకును సంపింది అత్తమ్మా! నువ్వు పెట్టిన ఆచారమే. ఆయన మెడకు తాకిన రెక్క ముప్ఫై ఆరో లాటుది. గీ పొడే!"

అత్తమ్మ చేత్తో తడుముకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది. విరిగిన పలక అంచు వేలితో రాసింది. వేలు తెగి రక్తం వచ్చింది, అయినా తీయలేదు. అలాగే చెప్పింది.

"మొదటేడు మా కొలిమి పొడి వంకరటింకర ఉండె. గరాటుల పోస్తే దిగకపోతుండె. మంచి పొడి కలిపితే దిగింది. గందుకే పెట్టిన, ఆచారమని పెట్టలే. నేను పెట్టింది సోలెడు బిడ్డా. అరవై కిలోలకు సోలెడు." తెగిన వేలు పిడికిట్లో మూసుకుంది. "సగం నేను పెట్టలే."

సగం పెట్టింది నేనే. ముప్ఫయ్యో లాటుకు గొట్టాలు రాలేదు, పొడి చాలలేదు. తోడు ఎంత ఎక్కువైతే అంత మంచిదే కదా అని సోలెడు తోడును లాటులో సగానికి పెంచాను. ఎవరినీ అడగలేదు. రిజిస్టరులో రాసి సంతకం పెట్టాను, ఆ సంతకం ఇప్పుడు కూడా నా ఎదురుగానే ఉంది. మల్లేశాన్ని చంపింది నేను.

రిజిస్టరు మీద పడి ఏడ్చాను. ఓదెలు నా భుజం పట్టుకుని, "అక్కా, ఏడుపు తర్వాత. చక్రం సంగతి జూడు" అన్నాడు.

అత్తమ్మ గూటి దగ్గరికి పోయి తల్లి డబ్బాను రెండు చేతులా ఎత్తుకొచ్చింది. ఇరవై కిలోల బరువు, ఎలా మోసిందో. బల్ల మీద పెట్టి, కొంగుతో మూత మీది పసుపు తుడిచింది. "సీలు నువ్వే కొయ్యి, నాకు కనబడది" అంది.

లాటు 42. వాడకం: 0. తేమ: 29.

డబ్బా విప్పాను. పొడి బూడిద రంగులో ఉంది. గరాటులో ముప్ఫై ఒక్క అంకెలు పట్టింది. అత్తమ్మ వేళ్లతో చూసి నవ్వింది. "మొండిగున్నది. గిదే అసలుది" అంది.

స్వరూప పాత పొడి గింజ కూడా మిగలకుండా మిషను లోపలంతా రెండుసార్లు తుడిచింది. తోడు పెట్టకుండా నేను మిషనులో పోసిన మొదటి పొడి ఇది. చేతులు అలవాటుగా పాత డ్రమ్ము వైపు పోతుంటే వెనక్కి లాక్కున్నాను.

చక్రానికి అయిదు షిఫ్టులు కావాలి. అంతవరకు కింద పంపును సగం వేగంతో నడపాలని ఓదెలు అన్నాడు. సగం వేగమైతే పాత చక్రం ఆగుతుందేమో, కానీ నీళ్లు పెరుగుతాయి. ఇళ్లు ఖాళీ చేయించాలి. కారణం చెప్పొద్దని మేనేజరు పట్టుబట్టాడు. సరే, కారణం చెప్పకుండానే ఓదెలు ఇంటింటికీ తిరిగాడు. మంచిగ తిరుగుతున్న పంపును మెల్లగ జేసి మా ఇండ్లల్లకు నీళ్లు తెస్తవా అని జనం వాణ్ని నానా తిట్లూ తిట్టారు. ఒకామె చీపురు విసిరిందట. నాకు ఫోన్లో చెప్పి నవ్వాడు.

మూడో షిఫ్టుకల్లా నీళ్లు మడమలు దాటాయి. అప్పుడు కదిలారు. మంచాలు, మూటలు, మేకలు, అన్నీ రెండో సీముకు ఎక్కాయి.

నాలుగో షిఫ్టు చివర్లో ఫోను మోగింది.

"ఎంత అయిందక్కా?"

"ముప్పావు అయింది. ఇంకొక్క షిఫ్టురా తమ్మీ."

"నీళ్లు నడుముకొచ్చినయ్. ఒక ముసలాయన ఇంక ఎక్కలే, మంచంల ఉన్నడు. ఎత్తుకొచ్చేటోళ్లు పోయిన్రు గని నీళ్లల్ల కాళ్లు ఆడుతలెవ్వు. జర వేగం పెంచుత."

"పెంచకురా. నా మాట విను. నీకు దండం పెడత."

"ఒక్క గంటనే. సప్పుడు ఇనుకుంటనే ఉంట."

"అది సప్పుడు మార్చదురా! నువ్వే జెప్పినవ్ గదా!"

"ఎర్కే అక్కా" అన్నాడు. ఫోను పెట్టలేదు, బల్ల మీద పెట్టినట్టున్నాడు. పంపు హోరు పెరగడం వినిపించింది. వాడు ఎవరినో "జల్ది, జల్ది" అని కేకేయడం వినిపించింది. నలభై నిమిషాలు ఆ ఫోను చెవికి పెట్టుకునే కూర్చున్నాను. పంపు చక్కగా, ఒకే సప్పుడుతో తిరిగింది. తరవాత ఒక్క దెబ్బ వినపడింది. ఆపైన నీళ్ల సప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

నేను అరిచానట. స్వరూప చెప్పింది. మిషను మాత్రం ఆపలేదామె. ఏడుస్తూనే, కిటికీలోంచి చూపు తిప్పకుండా, ఆఖరు పొర వరకు చేయించింది.

లాటు 42. వాడకం: 1. తేమ: 31.

ముసలాయన బతికాడు. అరవై రెండు ఇళ్లలో ఒక్కరికీ ఏమీ కాలేదు. ఓదెలును రెండో రోజు నీళ్లలోంచి తీశారు. ముక్క గుండెకు తగిలింది. నీళ్లు వాణ్ని ముంచేసరికే ప్రాణం పోయి ఉంటుందని డాక్టరమ్మ నాకు ధైర్యం చెప్పింది. అందులో ధైర్యమేముందో నాకు అర్థం కాలేదు.

పైన మోటారుకు పెట్టిన అటక దాకా నీళ్లు రాలేదు. పంపు పెంకు మార్చి, నీళ్లలో దిగి కొత్త చక్రాన్ని బిగించారు. బూడిద రంగు చక్రం, ఆకురాయి పెడితే గీత పడుతుంది. ఆరు రోజులుగా తిరుగుతోంది. మూడో సీము బయటపడింది.

ఇవాళ ఆ అరవై రెండు ఇళ్లవాళ్లూ నా గది ముందుకు వచ్చారు. ఓదెలు తువ్వాలలో ఏదో మూట కట్టి తెచ్చారు. చీపురు విసిరినామె అట, ఆమే మూట నా చేతికిచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"మాకోసం సచ్చిండమ్మా మీ తమ్ముడు. వాని చక్రం ముక్కలు బురదల దేవులాడి ఒక్కటి ఇడవకుండ ఏరినం. కొత్త లాటుకు తోడు పెట్టు. ఏటేటా ప్రతి సామానుల వాడు మనతోనే ఉంటడు."

మూట విప్పి చూశాను. పసుపు పారిన ముక్కలు. బురద కడిగి, బొట్లు పెట్టి ఉన్నాయి.

సరేనని అనబోయాను. దేవుడి మీద ఒట్టు, నోటి దాకా వచ్చింది. వాడు నా చేతుల మీద పెరిగినవాడు. మల్లేశం రెక్క ముక్కలప్పుడు నేను చేసింది కూడా ఇదే కదా.

"పెట్టను" అన్నాను.

అంతా చెప్పాను. పొడి సంగతి, సోలెడు తోడు సగం లాటైన సంగతి, ఎవరు చేశారన్నది కూడా. మేనేజరు వెనక నుంచి చేయి ఊపుతూనే ఉన్నాడు, ఆగలేదు. చెప్పడం అయిపోయాక ఆమె నా చేతిలోని మూట తిరిగి లాక్కోబోయింది.

"సొంత తమ్మునికే నీ డ్రమ్ముల జాగ లేకపాయె."

"లేదు. పాత లాటును సిమెంటుల కలిపి మూడో సీము మొగదలున్న గోడకు పూస్తున్న. ముక్కలు గా గోడల పెడదాం. పొడిల మాత్రం పెట్టను."

దయాకర్ సారు ముందుకొచ్చాడు. "చెప్పుడు సులువే కొమురమ్మా. మిషన్ల కరగకుండ మిగిలింది పదకొండు కిలోలు. ఏడాదికి అరవై గావాలె. తోడు లేకుంటె యాడికెల్లి తెస్తవ్?"

"కరెంటు కంపెనీ గొట్టాలు ఇంక ఉన్నయి సారు."

"పైకా? యాభై ఆరు డిగ్రీలల్ల? ఆఖరుసారి అయిదుగురు పోతే ఇద్దరు వచ్చిన్రు."

"నా పేరు ముందు రాయుండ్రి" అన్నాను. నాకు యాభై మూడేళ్లు. మోకాళ్లు నొప్పి. వాళ్లలో ఎవరూ వద్దనలేదు. ఇంకో నలుగురు పేర్లిచ్చారు. చీపురు విసిరినామె కొడుకు ఒకడు.

ఎల్లుండి పోతున్నాం. స్వరూపకు గది అప్పగించాను. వడియాలు ఆరబెడితే చంపుతానన్నాను. నవ్వబోయి ఏడ్చింది.

అత్తమ్మ ఇందాకటి దాకా ఇక్కడే కూర్చుంది. డబ్బా విప్పిన రోజు తరవాత ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇవాళ పాత రిజిస్టర్లు చదివి వినిపించమంది. ముప్ఫై ఒకటో లాటు నుంచి ప్రతి పేజీలో సున్నా కొట్టేసి, అసలు లెక్క వేస్తూ గట్టిగా చదివాను. ఇరవై, నలభై, అరవై. నూట ఇరవై దగ్గర ఆమె నా చేయి పట్టుకుని ఆపింది.

"గీ లాటుకేనా?"

"అవునత్తమ్మా. ముప్ఫై ఆరు."

"పక్కకు ఖాళీ జాగ ఉన్నదా?"

"రిమార్కులు రాసే జాగ ఉన్నది."

"వాని పేరు రాయి" అంది. ఆ తరవాత, "నీ తమ్మునిది గూడ" అంది. నా చేయి వదలలేదు. తిట్టనూ లేదు. తిడితే బాగుండేది.

ముప్ఫై ఆరో లాటుకు ఎదురుగా మల్లేశం అని రాశాను. నలభై ఒకటో లాటుకు ఎదురుగా ఓదెలు అని రాశాను. ఆ రెండు పేజీల అడుగునా సంతకం ఎప్పుడో పెట్టే ఉంది. కొమురమ్మ, పొడి గది.